అమ్మోరు ఒక్కతే

“ఆ సంచి కింద పెట్టు శైలా.”

మణెమ్మ గడప మీదే కూర్చుని ఉంది. కాళ్లు బారజాపుకుని, ఒళ్లో పసుపు గిన్నె పెట్టుకుని మరీ కూర్చుంది. బయటికి పోవాలంటే కోడలు అత్తను దాటాలి. దాటలేదని అత్తకు బాగా తెలుసు.

శైలజ సంచి దించలేదు. “తల్లిగారింటికి పోయి నాలుగొద్దులుండి వస్తనత్తమ్మా. పిల్లకు సర్ది అయింది. జనగామల దవాఖానల గూడ చూపిస్త.”

“అమ్మోరికి సర్ది అయితదానె?”

వేరే రోజయితే ఆ మాటకు శైలజ నవ్వి ఉండేది.

“అమ్మోరు కాదత్తమ్మా, సింధు. నీ మనుమరాలు. మొన్న ఆయితారం నాడు ఆటాడింది. గంతే.”

“ఆటనా? పసుపు మూతికెవలు పూసిండ్రు? ఏపమండ చేతికెవలిచ్చిండ్రు? మీ మామ మంచం చుట్టు ఊగుకుంట తిరిగింది. తల్లీ, నా పెనిమిటికి గిట్ల చేసిందెవలని నేనే అడిగిన. కొమురవ్వ అన్నది. మల్ల అడిగిన. మల్ల గదే పేరు.”

“రోజూ పక్కన గా అవ్వ ఇంట్లనే ఆడుకుంటదాయె. దానికి నోట్ల మెదిలే పేరు గదే.”

“నేననేది గూడ గదే. నా ఇంట్ల పిల్ల రోజూ గా ఇంటికెందుకు పోతది? ఎవలో గుంజితెనే గద పోతది.”

నిన్నటినుంచీ ఇదే తంతు. కాదని చెప్పడానికి ఏ మాట తెచ్చినా అత్త చేతిలో అది సాక్ష్యమైపోతోంది.

నడింట్లో పీట మీద సింధు కూర్చుని అరటిపండు తింటోంది. నాలుగు నిండి ఐదు నడుస్తున్న పిల్ల. పాదాలకు పసుపు, నుదుట రూపాయంత బొట్టు. ముందు కొబ్బరికాయలు, పూలు, ఎవరో పెట్టిపోయిన చాక్లెట్లు. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మొక్కి పోతున్నారు. ఇంతకాలం పక్కకు జరుగు, అవతలికి పో అన్నవాళ్లే ఇప్పుడు కాళ్లకు దండం పెడుతుంటే ఏ పిల్లకు మాత్రం చేదు? సింధు దర్జాగా కాళ్లు ఊపుతోంది.

మూలమంచంలో పోచయ్య కదిలాడు. కాళ్లు గుమ్మడికాయల్లా వాచిపోయాయి. మూత్రపిండాలు చెడినట్టున్నాయి, వరంగల్ తీసుకుపొమ్మని జనగామ డాక్టరు చెప్పి వారం దాటింది. అమ్మవారు నోరు విప్పాక ఇంక వరంగల్ మాట ఎవరెత్తుతారు!

“కొమురి... పాపం... దాన్నేమనకుండ్రి...” ముసలాయన గొణిగాడు.

“విన్నవా?” మణెమ్మ కళ్లు పెద్దవి చేసింది. “సోయి లేని మనిషి నోట్లకెల్లి గూడ దాని పేరే వస్తున్నది.”

అప్పటిదాకా అరుగు మీద ఉన్న తిరుపతి లోపలికి తొంగిచూశాడు. శైలజకు మరిది. నర్మెట్ట చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేస్తాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. తండ్రి అంటే ప్రాణం, అదే ఇప్పుడు శైలజను ఎక్కువ భయపెడుతోంది.

“వదినె, సంచి లోపట పెట్టు. ఇయ్యాల మంగళారం. దీపం పెట్టినంక అమ్మ ఇంకోసారి అడుగుతది. గదే పేరు వస్తె ఇగ మేం చూసుకుంటం.”

“ఏం చూసుకుంటరు తిరుపతీ?”

అతను పనిముట్ల డబ్బా ముందేసుకుని పానాలు అటూ ఇటూ జరిపాడు. కటింగ్ ప్లేయర్ తీసి నూనె గుడ్డతో తుడిచి అంగీ జేబులో వేసుకున్నాడు.

బాణామతి, చేతబడి చేసేవాళ్ల నోటి పండ్లు పీకితే మంత్రం పలకదని చిన్నప్పుడు శైలజ తన ఊళ్లో విన్నది. వింటూ వింటూ అన్నం ముద్ద మింగిన జ్ఞాపకం కూడా ఉంది. ఆ రోజు అది కథ.

సంచి కింద పెట్టింది.

*

పిడకలు తెస్తానని చెప్పి పెరటి తోవన పడింది. రెండిళ్లకూ మధ్య గోడ సగం కూలి ఉంది. సింధు రోజూ దూకే సందు అదే.

కొమురవ్వ తలుపు వేసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. “నేనే అవ్వా, శైలజను” అంటే గొళ్లెం తీసింది.

“నువ్వు రావద్దు బిడ్డా. నిన్ను గూడ అంటరు.”

“అననీ. అవ్వా, ఒక్క మాట చెప్పు. సింధు ఇక్కడ ఏం ఆట ఆడుతది?”

ముసలమ్మ చీకటిలో కూర్చుని చెప్పింది. చెబుతుంటే ఆ ముఖంలో భయం పోయి ఎక్కడిదో మురిపెం వచ్చింది.

“అమ్మోరాట బిడ్డా. అది అమ్మోరు, నేను దయ్యాన్ని. నేను ఉన్న నాలుగు పండ్లు బయటపెట్టి బుస్సుమంట. అది ఏపమండతోని ఒక్కటేస్తది. నేను సచ్చిన్నో అని మొత్తుకుంట కింద పడిపోత. కిలకిల నవ్వుతది. మల్ల లేవు, మల్ల పడిపో అంటది. నా నడుము పోతున్నది బిడ్డా అంటె ఇంటదా!”

శైలజ గోడకు ఆనుకుంది.

పోయినేడు ఎల్లమ్మ పండుగలో శివసత్తి మీదికి అమ్మవారు వచ్చి, జుట్టు విరబోసుకుని కేకలు పెడుతుంటే సింధు బెదిరిపోయింది. ఎన్నో రాత్రులు నిద్రలో ఉలిక్కిపడి లేచి పక్క తడిపింది. ఆ తర్వాత ఎప్పుడో దానంతటదే తగ్గిపోయింది. ఎలా తగ్గిందో శైలజకు ఇప్పుడు తెలిసింది. పిల్ల తనను భయపెట్టినదాన్ని తానే తొడుక్కుంది. భయపడే పని ఈ ముసలమ్మకు అప్పజెప్పింది. పాపం, ఈమె సంతోషంగా ఒప్పుకుంది.

మంచం మీద ఉన్న తాతకు ఎవరు చేశారని అడిగితే అమ్మవారేం చెబుతుంది? ఆ ఆటలో చెడ్డ చేసేది ఒక్కరే. ఆ ఒక్కరి పేరే చెప్పింది.

“అవ్వా, మరిపెడల నీ బిడ్డ ఉన్నది గద. ఇప్పుడే బస్సెక్కు. నేను తోడొస్త.”

“పోతె చేసినట్టే అయితది. ఈ ఊర్లనే పుట్టిన, ఈ ఊర్లనే ముసల్దాన్నైన. ఎందుకు పోవాలె?” కొమురవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పొద్దున నల్లా కాడ నా బిందెను కాలుతోని పక్కకు నూకిండ్రు. ఇయ్యాల పాలు పొయ్యలె. గా మోరి మీద కూసున్న పోరగాండ్లు పొద్దటిసంది లేస్తలేరు. బస్సు దాంక పోనిస్తరా నన్ను?”

శైలజ తలుపు సందులోంచి చూసింది. నిజమే. తిరుపతి స్నేహితులు ముగ్గురు నలుగురు, మురుగుకాలువ మీది బండపై ఫోన్లు చూసుకుంటున్నట్టు కూర్చుని ఇటే చూస్తున్నారు.

“సింధును ఏమనకు బిడ్డా,” అంది కొమురవ్వ. “దానికేమెరుక?”

*

రాజు భూపాలపల్లిలో బొగ్గు టిప్పరు నడుపుతాడు. శైలజ కొట్టం వెనక నిలబడి భర్తకు ఫోన్ చేసింది. అంతా చెప్పింది. అవతల టిప్పర్ల రొద తప్ప ఏమీ వినిపించలేదు.

“ఇంటున్నవా?”

“ఇంటున్న.”

“మీ తమ్మునికి చెప్పు. నువ్వు చెప్తె ఇంటడు.”

“రేపు పొద్దున బండి దిగంగనె వస్త. అప్పటిదాంక ఊకో.”

“రేపటిదాంక ఏమున్నది? పొద్దుగూకినంకనే అడుగుతరట. నేను పోలీసోళ్లకు ఫోన్ చేస్త.”

“నీకేమన్న పిచ్చా? పిల్ల పేరు టేషన్ల పడాల్నా? నాయిన గిట్ల పడి ఉంటె తమ్ముణ్ని జైల్ల ఏపిస్తవా?” గొంతు తగ్గించి అడిగాడు. “శైలా... ఒకవేళ... నిజంగనే ముసల్ది ఏమన్న చేసిందేమో?”

ఆమె ఫోన్ పెట్టేసింది. చదువుకున్నవాడు, నాలుగూళ్లు తిరిగినవాడు, ఈ ఒక్క మనిషి తన వైపు ఉంటాడనుకుంది. నూరు నొక్కి, మళ్లీ చెరిపింది. మరిదికి సంకెళ్లు వేయించి అదే ఇంట్లో ఎసరు పెట్టడం ఊహకు అందలేదు. పిల్ల చేత నిజం చెప్పిస్తే చాలు కదా, ఇంతదూరం ఎందుకనుకుంది.

*

సాయంత్రం స్నానం చేయించమని అత్తే పిల్లను అప్పగించింది. జాలారి దగ్గర తలకు పోస్తూ శైలజ మెల్లగా మొదలుపెట్టింది.

“సిందూ, నువ్వు అమ్మోరివా?”

“ఊఁ.”

“నిజంగనా, ఆటకా?”

సింధు తల్లిని జాలిగా చూసింది. ఇంత పెద్దదానివి, ఈమాత్రం తెలియదా అన్నట్టు. “ఆటకే.”

శైలజ చేతిలో చెంబు ఆగింది. “మరి నాయినమ్మకు గట్లనే చెప్పు. ఆటకే అని చెప్పు.”

“వద్దు.”

“ఎందుకు బిడ్డా?”

“చెప్తె ఆట ఖరాబైతది. నాయినమ్మ మంచిగ ఆడుతున్నది. తిరుపతి బాబాయ్ గూడ ఆడుతున్నడు. అందరు ఆడుతున్నరు.” సింధు నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. “నువ్వే ఆడుతలేవు.”

ఆ పిల్ల లెక్కలో ఊరంతా ఆటలోకి వచ్చింది. మొక్కేవాళ్లు మొక్కేవాళ్ల వేషం, ఏడ్చేవాళ్లు ఏడ్చేవాళ్ల వేషం. ఆటను ఆటని తెలిసింది ఈ ఇంట్లో దీనికొక్కదానికే.

ఏడాదిన్నర పిల్లప్పుడు ఖాళీ గ్లాసు బొమ్మ మూతికి పెట్టి “తాగు” అంది. రెండేళ్లకు చెప్పు చెవికి ఆనించుకుని భూపాలపల్లిలో ఉన్న నాయినతో మాట్లాడింది. మూడేళ్లకు తాత మంచం కింద కనపడని పిల్లిపిల్ల ఒకటి వెలిసింది. పోచయ్య దాన్ని తొక్కకుండా కాళ్లు జాగ్రత్తగా దింపేవాడు, దానికో అన్నం ముద్ద తీసిపెట్టేవాడు. అప్పట్లో లేని వస్తువులుండేవి. ఇప్పుడు వేషాలు, నియమాలు వచ్చాయి. నియమం తప్పితే ఊరుకోదు.

“సరె, నేను గూడ ఆడుత. నేను ఇంకో అమ్మోరినైత.”

“కాదు!” సింధు కోపంగా కాలు నేలకేసి కొట్టింది. “అమ్మోరు ఒక్కతే ఉంటది. నేనే. ఇంకోళ్లొస్తె దయ్యం కావాలె.”

“సరె తియ్యి. మరి ఇయ్యాల నాయినమ్మ ఎవలు చేసిండ్రని అడిగితె ఏం చెప్తవు? కొమురవ్వ అని చెప్పకు బిడ్డా. నీకు దండం పెడుత.”

“మరి దయ్యం ఎవలు?”

“ఎవలూ లేరు.”

“దయ్యం లేకుంటె అమ్మోరెందుకొస్తది?”

లోపలినుంచి మణెమ్మ కేక. “అయిందా? దీపం పెట్టే యాళ్లయింది.”

*

సాంబ్రాణి పొగతో నడిల్లు మసకేసింది. అరుగు మీద, వాకిట్లో, గోడ పక్కన జనం. దగ్గు కూడా ఆపుకున్నారు. తిరుపతి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అతని వెనక మోరి మీద కూర్చున్న పోరగాళ్లు. పగలంతా కూర్చున్నవాళ్లు ఇప్పుడు నిలబడి ఉన్నారు.

పీట మీద సింధు చేతిలో వేపమండ పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. ఇంతమందిని చూసి కొంచెం బిక్కమొహం వేసింది. శైలజకు ఆశ పుట్టింది. ఏడవనీ. ఏడ్చి ఒళ్లోకి రానీ. ఎత్తుకుని పోతాను.

సింధు ఏడవలేదు. మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ఎవరో “అమ్మా తల్లీ” అన్నారు. ఆ మాటతో ఊపు హెచ్చింది.

మణెమ్మ సాష్టాంగపడింది. లేచేసరికి ఆమె బుగ్గల నిండా నీళ్లు. అది వేషం కాదని శైలజకు తెలుసు. ముప్పై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి కళ్లముందే కరిగిపోతుంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

“తల్లీ, నీ బిడ్డనమ్మా. ఇంకొక్కసారి చెప్పు. నా పెనిమిటికి చేసిందెవలు?”

సింధు నోరు తెరిచింది.

తిరుపతి చేయి జేబు మీదికి పోయింది.

అప్పుడు శైలజ కేక పెట్టింది. తనదే ఆ గొంతని తనకే నమ్మకం కలగలేదు. ముడి విప్పింది, జుట్టు విరబోసుకుంది, జనంలోంచి తోసుకుని నడింట్లోకి వచ్చి పడింది. ఊగింది. చిన్నప్పుడు బొమ్మలకు అన్నం వండిన తర్వాత ఇన్నేళ్లలో ఆమె ఏ ఆటా ఆడలేదు. అయినా ఒళ్లు దానంతటదే ఊగింది. పోయినేడు పండుగలో చూసిందంతా ఎక్కడో దాక్కుని ఉన్నట్టుంది, ఇప్పుడు బయటికొచ్చింది.

మణెమ్మ వెనక్కి జరిగింది. “ఎవలు? ఎవలు తల్లీ నువ్వు?”

“నేను! ఎల్లమ్మను! నన్ను గుర్తు వట్టలేదానె?”

జనం ఒక్కసారిగా చేతులు జోడించారు.

“పసిదాన్ని పీట మీద కూసోవెడతరా? దాని నోట్ల మాట నాది కాదు! కొమురవ్వ నా బిడ్డ. దాని మీద చెయ్యేస్తె ఈ ఇల్లు నిలవది! ముసలోణ్ని వరంగల్ తీస్కపోండ్రి. పొద్దు పొడవకముందే తీస్కపోండ్రి. తీస్కపోతె బతుకుతడు. నేను బతికిస్త!”

“తీస్కపోతం తల్లీ, తీస్కపోతం,” మణెమ్మ లెంపలు వేసుకుంది. “తప్పయింది. మన్నించు.”

గుమ్మం దగ్గర తిరుపతి చేయి జేబు మీదినుంచి జారింది. తల వంచుకున్నాడు. వెనక ఒకడు మెల్లగా చెప్పులు విడిచాడు. ఊగుతూనే శైలజ ఇదంతా చూసింది. అయిపోయింది, ఇంక ఒక్క నిమిషం, సొమ్మసిల్లినట్టు పడిపోతే చాలు అనుకుంది.

చప్పట్లు వినిపించాయి.

చిన్న చేతుల చప్పట్లు. సింధు పీట మీదినుంచి దూకింది. ముఖమంతా సంతోషం. పొద్దటినుంచీ ఆటకు రాని అమ్మ చివరికి వచ్చింది, అదీ జుట్టు విరబోసుకుని, ఇంత బాగా అరుస్తూ!

“అమ్మా! నువ్వు గూడ వచ్చినవా?”

శైలజ ఊగడం ఆపలేదు. కళ్లతోనే వద్దని బతిమాలింది. పిల్లకు ఆ కళ్లు కూడా ఆటలో భాగమే.

సింధు నడుం మీద చేయి పెట్టుకుని తల్లి చుట్టూ ఒక తిరుగు తిరిగింది. వేపమండ పైకెత్తింది. కొమురవ్వ వాకిట్లో రోజూ ఎత్తినట్టే ఎత్తి తల్లి వీపు మీద ఒక్కటి వేసింది.

“కొమురవ్వ కాదు!” గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది. అమ్మ చెప్పొద్దన్న పేరు చెప్పనందుకు మెచ్చుకుంటుందని ఒకసారి తల్లి వైపు చూసుకుంది కూడా. “ఇయ్యాల దయ్యం మా అమ్మ!”

మూలమంచంలో పోచయ్య ఎగశ్వాస ఒక్కటే వినిపిస్తోంది.

మణెమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. ఆమె కోడలి విరబోసిన జుట్టును చూసింది, మొగుడి వాచిన కాళ్లను చూసింది, మళ్లీ కోడలిని చూసింది. పొద్దున సంచితో గడపలో నిలబడి, పిల్లను ఊరు దాటించబోయింది ఈమే. మధ్యాహ్నం పిడకలంటూ కూలిన గోడ వైపు పోయింది ఈమే. ఇదంతా అత్త ముఖంలో ఒక్కొక్కటే కూడుకుంటుంటే శైలజకు కనిపిస్తూనే ఉంది.

“అందుకా?” అంది మణెమ్మ, ఎవరితోనో అన్నట్టు. “అందుకేనా గా ముసల్దాన్ని గంత కాసుకున్నది?”

తిరుపతి గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు. వెనకనున్నవాళ్లు తలుపు దగ్గరికి జరిగారు.

శైలజ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. జుట్టు ముడి వేసుకుంటే ఇంతసేపూ అమ్మవారి పేరున అబద్ధమాడినట్టు. ఊగుతూ ఉంటే పిల్ల చెప్పింది నిజమైనట్టు.

సింధుకు విసుగొచ్చింది. తల్లి చెవి దగ్గరికి వంగి, ఆట తెలియనివాళ్లకు నేర్పినట్టు ఓపికగా చెప్పింది.

“మండతోని కొట్టంగనె పడిపోవాలె అమ్మా. పడిపో.”

అని మళ్లీ మండ ఎత్తింది.